"అది వచ్చింది": తప్పు వ్యాకరణానిదా, మనదా?

ప్రశ్న: సమానత్వం గురించి మగవాళ్లతో మాట్లాడే ఒక శిక్షణలో, తెలుగు వ్యాకరణమే ఆడవాళ్లని పశువుల్లో కలిపేసిందన్నారు. నిజమేనా అండీ?

జవాబు: సగం నిజం. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, క్రియ ఒకటే. చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం ఆడవాళ్లూ జంతువులూ ప్రాణం లేనివీ పోగా మిగిలినవే మహత్తులు, అంటే గొప్పవి. పేరు చూడండి, మహత్తట! కానీ బహువచనంలో "వాళ్లు వచ్చారు" అనగానే ఆడవాళ్లు మగవాళ్ల వరసలోకి వచ్చేస్తారు. పోనీ తమిళంలో వందాళ్, కన్నడలో బందళు అని ఆడవాళ్లకి విడిగా రూపం ఉందిగా, అక్కడ మగవాళ్ల పెత్తనం పోయిందా? క్రియ మీద కోపం దండగ. అది, ఆమె, ఆవిడ, వాడు, అతను, ఆయన... వీటిలో ఏది వాడాలన్నది మాత్రం నోరు తెరిచిన ప్రతిసారీ మన ఇష్టమే.

ఇంకొకరు: అలాగైతే కులం, డబ్బు కూడా వచ్చేస్తాయి కదా ఇందులోకి?

జవాబు: రావాలి కూడా. పెద్ద వయసు పనివాణ్ణి కుర్ర యజమాని "వాడొచ్చాడా?" అంటాడు. ఆ పనివాడే ఇంటికెళ్లి భార్యని "అదెక్కడ చచ్చింది" అంటాడు. ఆవిడా కూలికెళ్తే అక్కడా "అదే", ఇంట్లోనూ "అదే". 1989లో కింబర్లీ క్రెన్‌షా అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్ అమెరికా నల్లజాతి స్త్రీల గురించి రాసింది ఇలాంటి సంగతే, జాతిని విడిగా, ఆడా మగా తేడాని విడిగా చూసే కోర్టులకి రెండూ కలిసి తగిలే దెబ్బ కనబడలేదని. శిక్షణలో ఆ పనివాడితో "నువ్వు పెత్తనం చేస్తున్నావు" అని మొదలుపెడితే, రోజంతా తిట్లు తినేవాణ్ణి, నాకేం పెత్తనం అంటాడు, అదీ అబద్ధం కాదు. "నిన్ను వాడు అంటే ఎలా ఉంటుంది?" అని అడిగి చూడండి, ఆపకుండా చెప్తాడు. అప్పుడు ఇంట్లో "అది" సంగతి ఎత్తాలి. ఎత్తకపోతే మాత్రం అది ఉత్త మగవాళ్ల కష్టాల సభ.

మరొకరు: మేం ప్రేమగానే అంటామండీ "అది" అని. ప్రతిదానికీ టెన్షన్ ఎందుకు?

జవాబు: మరి ఆవిడ కూడా నలుగురిలో మిమ్మల్ని ప్రేమగా "వాడు" అనొచ్చా?

మరొకరు: అంటుంది, ఫోన్లో వాళ్లక్కతో. నేను గదిలోకి రాగానే "ఆయన" అయిపోతాను.