ఆరు నెలలకు స్టోరేజ్ గది అద్దెకు తీసుకోవాలి, ఏమేమి చూడాలి? (డాలస్ పరిసరాలు)

ప్రశ్న, ఇర్వింగ్ నుంచి:

అందరికీ నమస్కారం. మే మొదటి వారంలో మా అపార్ట్‌మెంటు లీజు ముగుస్తోంది. మా అత్తగారికి రెండు మోకాళ్లకూ ఆపరేషన్ ఉంది. నేనూ పాపా విజయవాడ వెళ్లి నవంబరు దాకా అక్కడే ఉంటాము. మావారిని ఆఫీసువారు అదే సమయంలో న్యూజెర్సీలోని ఎడిసన్ పంపుతున్నారు, అక్కడ సామానుతో ఉన్న ఇల్లు వాళ్లే ఇస్తారు. అంటే డాలస్‌లో మా సామానుకు తోడు ఎవరూ ఉండరు.

రెండు పడకగదుల ఇల్లు మాది. రెండు క్వీన్ మంచాలు, సోఫా, భోజనాల బల్ల, టీవీ, పుస్తకాలు, గ్రైండరు, కర్ర పూజా మందిరం, వంట సామాను, పట్టుచీరల పెట్టె, పెళ్లి ఆల్బములు, పాప బొమ్మలు, నా వీణ. మూడు చోట్ల ధర కనుక్కున్నాను.

మొదటిది ఊరి బయట. 10×10 అడుగుల గది, కారు తలుపు దాకా వెళుతుంది, ఏసీ లేదు, నెలకు 89 డాలర్లు. రెండోది మూడో అంతస్తులో 10×10, ఏసీ ఉంది, 139. మూడోది 10×15, ఏసీ ఉంది, 179, కానీ మొదటి నెల ఒక్క డాలరే. మూడింటిలోనూ చేరేటప్పుడు 25 డాలర్ల రుసుము, నెలకు 14 డాలర్ల బీమా తప్పనిసరి అన్నారు. మూడోదే లాభంగా కనిపిస్తోంది. మీరేమంటారు?

ఫ్రిస్కో నుంచి:

89 డాలర్లది తీసుకోండి. సామానుకు ఏసీ ఎందుకండీ, మన ఊళ్లో అటక మీద పెట్టినవన్నీ పాడైపోయాయా? మేము రెండేళ్లు ఏసీ లేని గదిలోనే పెట్టాము, ఏమీ కాలేదు.

ప్లేనో నుంచి:

అమ్మా, పదవీ విరమణ తరువాత మూడేళ్లు నేను ఒక స్టోరేజ్ కార్యాలయంలో బల్ల వెనక కూర్చున్నాను. గది ఇచ్చే వైపు నుంచి చూసినవాడిని కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి.

ముందు మూడింటినీ ఆరు నెలలకు లెక్కకట్టండి. బీమా, రుసుము కలిపితే మొదటిది 643 డాలర్లు, రెండోది 943, మీకు లాభంగా కనిపించిన మూడోది 1,005. ఒక్క డాలరు నెల అన్నిటికన్నా ఖరీదైనదిగా తేలింది చూడండి. ఇదంతా అద్దె పెరగకపోతే సంగతి. ఈ ఒప్పందాలు సాధారణంగా నెలనెలా సాగేవి. ముందుగా ఒక ఉత్తరం పంపి అద్దె పెంచవచ్చు. కొత్తగా వచ్చేవారికి చూపించే ధర వేరు, లోపల ఉన్నవారికి కొన్ని నెలల తరువాత వచ్చే ధర వేరు. ఇల్లంతా సర్ది తాళం వేసినవాడు ఇరవై డాలర్ల కోసం మళ్లీ ట్రక్కు అద్దెకు తెచ్చుకోడని ఇచ్చేవారికి బాగా తెలుసు. అందుకని “ఈ ధర నవంబరు వరకు మారదని కాగితం మీద రాసిస్తారా?” అని అడగండి. మా దగ్గర అడిగినవారికి రాసిచ్చేవాళ్లం. అడగనివారికి ఆ సంగతే చెప్పేవాళ్లం కాదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగానే ఉంటుంది. నవంబరు 3న ఖాళీ చేస్తే మూడు రోజులకే కట్టాలా, నెలంతా కట్టాలా అన్నది కూడా అడగండి. చాలాచోట్ల నెలంతా కట్టాలి.

ఇక కొలత. అందరూ నేల చూస్తారు, ఎత్తు మరిచిపోతారు. ఎనిమిది అడుగుల ఎత్తున్న 10×10 గదిలో 800 ఘనపుటడుగుల చోటు ఉంటుంది. సోఫాను నిలువుగా ఎత్తి, బల్ల కాళ్లు ఊడదీసి, పరుపులు గోడకు ఆనించి, ఒకే సైజు పెట్టెలు వరుసగా పేరిస్తే మీ సామాను అందులో సుఖంగా పడుతుంది. 10×15 మీకు అనవసరం. అసలు సోఫా, మంచాలు ఎంతకు కొన్నారు? నాలుగైదేళ్ల పాత సోఫాకు ఆరు నెలల అద్దె, రెండుసార్లు ట్రక్కు, మోసేవాళ్ల కూలీ కలిపితే దాని ధరే దాటిపోవచ్చు. పెద్దవి నాలుగు వస్తువులు అమ్మేస్తే 5×10 గది సరిపోతుందేమో చూసుకోండి. 400 ఘనపుటడుగులు తక్కువేమీ కాదు.

సంతకం చేసే ముందు మీకు ఇవ్వబోయే గదినే తెరిపించి చూడండి. నమూనా గది చూపిస్తే ఒప్పుకోవద్దు. లోపల నిలబడి తలుపు మూయించండి. కింద సందులోంచి వెలుగు వస్తే దుమ్మూ ఎలుకా కూడా వస్తాయి. ముక్కుతో చూడండి, ముక్కిన వాసన ఉంటే ఎక్కడో తడి ఉన్నట్టే. వాన కురిసిన మరునాడు వెళితే ఇంకా మంచిది. లిఫ్టు నుంచి గదికి ఎన్ని అడుగులో నడిచి చూడండి. మూడో అంతస్తు తప్పు కాదు, లిఫ్టు ఒక్కటే ఉండి అది చెడిపోతే మాత్రం తప్పు.

తినేవి ఏవీ పెట్టవద్దు. ఒకాయన రెండు బియ్యం బస్తాలు వదిలి ఊరెళ్లాడు. పురుగు పక్కన మూడు గదులకు పాకింది. ఆవకాయ జాడీలు కూడా వద్దమ్మా, ఎంత మూత బిగించినా సరే.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇక చెబుతాను. గది ఎంత మంచిదైనా బిల్లు ఆగితే సామాను మీది కాకుండా పోవచ్చు. టెక్సస్ ఆస్తి చట్టంలో 59వ అధ్యాయం ఇందుకోసమే ఉంది. అద్దె బాకీ పడితే యజమానికి మీ సామాను మీద హక్కు వస్తుంది. నోటీసు ఇస్తారు, 14 రోజుల్లో తీర్చకపోతే వేలం దాకా వెళ్లవచ్చు. నోటీసు వెళ్లేది ఒప్పందంలో మీరు రాసిన చిరునామాకు. నేనున్నప్పుడు ఒక తెలుగు కుర్రవాడు గుంటూరు వెళ్లి అక్కడే నాలుగు నెలలు ఆగిపోయాడు. ఇక్కడ నెలనెలా అద్దె కట్టే అతని కార్డు గడువు ముగిసింది. ఒప్పందంలో ఇచ్చింది పాత ఉద్యోగం ఈమెయిలు, ఫోను ఆపేశాడు. ఆ రెండూ కాక ఒప్పందంలో ఎవరో స్నేహితుడి నంబరు ఉండబట్టి, వేలానికి నాలుగు రోజుల ముందు దొరికాడు. ఆ నంబరు రాయించుకున్నది నేనే, అదొక్కటే నేను గర్వంగా చెప్పుకునే పని.

ఇర్వింగ్ నుంచి, అడిగినవారు:

బాబాయిగారూ, మీ రెండో పేరా చదివాక మూడోదాని మీద ఆశ పోయింది. కార్డు గడువు చూశాను. మావారిది సెప్టెంబరుతో ముగుస్తోంది! ఇండియాలో ఉన్నప్పుడు నా ఇక్కడి ఫోను నంబరు ఏం చేయాలో కూడా చెప్పండి.

ప్లేనో నుంచి:

ఆపేయకండి. తక్కువ ఖర్చు ప్లానుకు మార్చుకుని నిలబెట్టుకోండి, బ్యాంకు ఓటీపీలకూ అదే కావాలి. మీవారు ఎడిసన్‌లో ఉంటారు కాబట్టి ఒప్పందం ఆయన పేరుతో, ఆయన సొంత ఈమెయిలుతో, గడువు ఎక్కువున్న కార్డుతో రాయించండి. డాలస్‌లో నమ్మకమైన ఒకరి పేరు లోపలికి వెళ్లే అనుమతి ఉన్నవారిగా చేర్చండి. గేటు నంబరు ఫోనులో చెప్పేసినంత మాత్రాన కార్యాలయం వారిని గుర్తించదు. పేరు ఒప్పందంలో ఉండాలి.

హ్యూస్టన్ నుంచి:

బీమా గురించి ఒక మాట. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినప్పుడు మాది కింది అంతస్తు గది. నడుము లోతు నీళ్లు. నెలనెలా బీమా కట్టాము కదా అని ధీమాగా వెళితే అందులో వరద లేదన్నారు. చిన్న అక్షరాల్లో రాసే ఉంది, తప్పు చదవని మాదే. డాలస్‌లో ఆ భయం తక్కువే అయినా వాగుల పక్కన కట్టినవి ఉంటాయి. ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ) వారి వరద పటంలో చిరునామా కొట్టి చూడండి, డబ్బు తీసుకోరు. నగదు, నగలు, పాస్‌పోర్టుల వంటి కాగితాలకు ఈ బీమాలు సాధారణంగా వర్తించవు. అవి గదిలో పెట్టనే వద్దు.

మీ అపార్ట్‌మెంటుకు అద్దెదారు బీమా ఉండి ఉంటుంది. అది బయట పెట్టిన సామానుకు కూడా కొంత వర్తిస్తుంది. చాలా పాలసీల్లో మొత్తం సామాను విలువలో 10 శాతం వరకే. పైగా లీజు ముగియగానే ఆ పాలసీ మీరే రద్దు చేస్తారు, దానితో ఆ రక్షణా పోతుంది. రద్దు చేసే ముందు వాళ్లకు ఒకసారి ఫోను చేయండి.

కెల్లర్ నుంచి:

వీణ అన్నారు కాబట్టి ఆగలేకపోయాను, నేను పిల్లలకు వీణ నేర్పుతాను. దయచేసి ఏసీ లేని గదిలో పెట్టవద్దు. మెట్లు కూర్చునేది మైనం మీద కదా. బొగ్గుపొడి కలిపిన తేనెమైనం ఎండాకాలంలో రేకు గదిలో మెత్తబడితే ఇరవై నాలుగు మెట్లూ జరిగిపోతాయి. ఇక్కడ మేళం కట్టేవారు, అంటే మైనం వేసి మెట్లు అమర్చేవారు, దొరకరు. నా దగ్గరకు వచ్చిన ఒక బొబ్బిలి వీణకు, పనసకర్రలో ఒకే దుంగ నుంచి తొలిచిన ఏకాండీ వీణకు, ఒక్క వేసవిలో అదే జరిగింది. ఊరికి తీసుకెళ్లి మళ్లీ మేళం కట్టించుకు రావలసి వచ్చింది.

మా ఇంట్లో చోటుంది. మీ వీణ నవంబరు దాకా నా దగ్గర పెట్టండి. అప్పుడప్పుడు శ్రుతి చేసి వాయిస్తాను, అద్దె అదే అనుకోండి. పట్టుచీరలు కూడా గదిలో వద్దు. ఆరు నెలలు ఒకే మడత మీద ఉంటే జరీ ఆ మడత దగ్గరే విరుగుతుంది. నూలు గుడ్డలో చుట్టి కొన్ని వెంట తీసుకెళ్లండి, మిగిలినవి ఎవరింట్లోనైనా ఉంచి మధ్యలో ఒకసారి మడత మార్పించండి.

ఫ్రిస్కో నుంచి:

అయితే నా మాటే గెలిచింది. వీణ, చీరలు బయటికి వెళ్లాక ఏసీ దేనికి?

ప్లేనో నుంచి:

అటక మీద ఇత్తడి బిందెలు పెట్టేవాళ్లం సార్, ఫోటో ఆల్బములు కాదు. 2011లో డాలస్‌లో 71 రోజులు ఎండ నూరు డిగ్రీల ఫారెన్‌హీట్‌ను తాకింది లేదా దాటింది. బయట నూరు ఉంటే ఎండలో ఉన్న రేకు గది లోపల ఇంకా ఎక్కువ ఉంటుంది. మీరు పెట్టిన రెండేళ్లలో ఏమి పెట్టారో నాకు తెలియదు. ఈవిడ టీవీ, ఆల్బములు, జిగురుతో అతికిన కర్ర మందిరం మే నుంచి నవంబరు దాకా పెడుతున్నారు. సరిగ్గా చెడ్డ నెలలన్నీ అవే. అక్టోబరు నుంచి మార్చి అయితే నేనూ 89 డాలర్ల గదే అనేవాడిని.

ఏసీ ఉందన్న మాటతో మాత్రం ఆగకండి. వేడి మాత్రమే తగ్గిస్తారా, గాలిలో తేమ కూడా తగ్గిస్తారా అని అడగండి. రెండూ ఒకటి కాదు. ఫ్రిజ్ పెట్టేవారు తలుపు కాస్త తెరిచి ఉంచాలి, లేకపోతే లోపల బూజు తోట మొలుస్తుంది.

హైదరాబాద్ నుంచి:

విషయం మారుస్తున్నందుకు క్షమించండి. మాకు కూకట్‌పల్లిలో ఇల్లు ఖాళీ చేయాలి, ఇక్కడ కూడా ఇలాంటి గదులు దొరుకుతాయా?

ప్లేనో నుంచి:

దొరుకుతాయి, కానీ మీ దగ్గర ఎక్కువగా జరిగేది వేరు. వాళ్లే వచ్చి సర్దుకుని, జాబితా రాసి, ఊరి బయటి గోదాములో పెడతారు. గది తాళం మీ చేతిలో ఉండదు. మధ్యలో ఒక్క పెట్టె కావాలంటే ఎంత తీసుకుంటారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో ముందే రాయించుకోండి. జాబితాలో “పెట్టె 7” అని రాస్తే ఒప్పుకోకుండా లోపలేముందో రాయించండి. మిగతాది కొత్త చర్చగా పెట్టండి, ఇక్కడ ఈవిడ ప్రశ్న తప్పిపోతుంది.

ఇర్వింగ్ నుంచి, అడిగినవారు:

రెండు వారాల తరువాత రాస్తున్నాను. సోఫా, ఒక మంచం, భోజనాల బల్ల అమ్మేశాము. వచ్చిన డబ్బు తక్కువే, కానీ మోసే బాధ పోయింది. రెండో చోటే 5×10 గది ఖాళీగా ఉంది, రెండో అంతస్తు, ఏసీ ఉంది, నెలకు 78. వాన పడిన మరునాడు వెళ్లాను. మొదట చూపించిన గది మూలలో గోడ మీద గోధుమరంగు మరక కనిపించింది. “పాతదే” అన్నారు. పాతదైనా కొత్తదైనా వద్దని ఇంకోటి తెరిపించాను. నవంబరు దాకా అద్దె పెంచబోమని ఈమెయిలు పంపమంటే ఆ అమ్మాయి లోపలికి వెళ్లి పది నిమిషాల తరువాత వచ్చి సరేనంది, ఈమెయిలు వచ్చింది. వరద బీమాలో లేదు, కానీ వరద పటంలో ఆ చోటు ముప్పున్న ప్రాంతంలో లేదు. అన్నీ కలిపి ఆరు నెలలకు 577 డాలర్లు. తాళం మాత్రం వాళ్ల దగ్గర కొనకుండా బయట గుండ్రటి డిస్క్ తాళం కొన్నాము.

ఒప్పందం మావారి పేరున, కొత్త కార్డు మీద. అనుమతి ఉన్నవారిగా కెల్లర్ అక్కగారి పేరు చేర్చాము. వీణ నిన్ననే వారింటికి చేర్చాను. వస్తుంటే పాప వీణకు టాటా చెప్పింది. ఆవకాయ జాడీలు మూడు మిగిలాయి, గదిలో పెట్టడం లేదు. ప్లేనో బాబాయిగారు చిరునామా పంపితే ఆదివారం తెచ్చిస్తాను.

ప్లేనో నుంచి:

పంపించానమ్మా. గోంగూర ఉంటే అదీ తెండి.