అప్‌డేట్: లీనియర్ ఆల్జీబ్రా కోర్సు ఇప్పుడెలా సాగుతోందంటే

ఇంటర్‌లో మాత్రికలు బాగానే చేసినా, బీఎస్సీ లీనియర్ ఆల్జీబ్రాలో లెక్క వస్తోంది గానీ అర్థం అందడం లేదని గతంలో అడిగాను. మాత్రికను అడ్డు వరుసలుగా కాక నిలువు వరుసలుగా చూడమని మీరిచ్చిన సలహా (ఎంఐటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన లీనియర్ ఆల్జీబ్రా కోర్సు 18.06 తొలి ఉపన్యాసంలో చూపేదీ ఇదే) ఎంతో పనికివచ్చింది. ఉదాహరణకు (1, 2), (2, 4) నిలువు వరుసలుగా గల మాత్రికను తీసుకుంటే, వాటిని ఏ గుణకాలతో కలిపినా ఫలితం మూలబిందువు గుండా పోయే ఒకే సరళరేఖపై ఉంటుంది కనుక, సమీకరణాల కుడివైపు ఆ రేఖపై లేని (1, 3) ఉంటే సాధనే ఉండదని, రేఖపై ఉన్న (3, 6) ఉంటే సాధనలు అనంతంగా ఉంటాయని విలోపన పద్ధతి (చలరాశులను ఒక్కొక్కటిగా తొలగిస్తూ సాధించడం) జోలికి పోకుండానే తెలుస్తుంది. మాత్రిక కోటి (ర్యాంక్) 1 అంటే ఇలా నిలువు వరుసల కలయికలన్నీ ఒకే రేఖపై ఉండటమే. నిర్ధారకం సున్నా అన్న ఒక్క మాట సాధన లేకపోవడానికీ, అనంతంగా ఉండటానికీ గల తేడాను చెప్పదు. ఐగెన్ సదిశలు (మాత్రికతో గుణించినా తమ రేఖను వదలని శూన్యేతర సదిశలు) ఇంకా కొరుకుడు పడలేదు. వాటి గురించి విడిగా అడుగుతాను.