జావాలో అరేలు: నోటుబుక్కుతో మొదలుపెట్టాలా, కదిలే బొమ్మతోనా?

విజయనగరం, కంప్యూటర్ మాస్టారు:
మాది ఐసీఎస్ఈ బడి. పదో తరగతికి జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో అరేలు (ఒకే పేరు కింద చాలా విలువల్ని వరస గళ్ళలో దాచుకునే పద్ధతి) మొదలుపెట్టిన రోజున మార్కుల పట్టిక రాయించలేదు. తెర మీద తప్పెటగుళ్ళ బృందాన్ని ఆడించమన్నాను. 12 మంది కళాకారులు, ఒక్కొక్కరికి ఒక రంగు చుక్క. అరే అన్న మాటే ఎత్తలేదు. పిల్లలు ఎక్స్1, ఎక్స్2, ఎక్స్3 అని ఒక్కో చుక్కకీ ఒక పేరు పెట్టి, ఒక్కోదానికీ ఒక లైను రాసుకుంటూ పోయారు. ఐదో చుక్క దగ్గరికొచ్చేసరికి వెనక బెంచీ నుంచి "మాస్టారూ, అందరికీ కలిపి ఒకటే పేరు పెట్టకూడదా?" అని అడిగారు. నాకు కావలసింది ఆ ప్రశ్నే. అప్పుడు బోర్డు మీద అరే రాశాను. పరీక్షలో లేని యానిమేషన్‌కి పీరియడ్లెందుకని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. మీరేమంటారు?

బొబ్బిలి, ఒక తండ్రి:
నేనూ అదే అడుగుతాను మాస్టారూ. సిలబస్‌లో ఉన్నవి అరేలో వెతికే లీనియర్ సెర్చ్, బైనరీ సెర్చ్, వరసలో పెట్టే బబుల్ సార్ట్, సెలక్షన్ సార్ట్. మావాడూ వాళ్ళ బళ్ళో ఇలాగే బొమ్మ కదిలించాడు, సంతోషమే. ఆ ప్రోగ్రాంలో జేప్యానెల్, పెయింట్‌కాంపొనెంట్ అని ఏవో ఉన్నాయి. అవేట్రా అంటే "సార్ ఇచ్చారు, ఎక్కించాను" అన్నాడు. అర్థంకాని 20 లైన్ల మధ్య అర్థమయ్యేవి రెండుంటే వాడు నేర్చుకున్నదేటి? నోటుబుక్కులో గళ్ళు గీసి, ఏ అడుగులో ఏ గడిలో ఏ అంకె ఉందో రాస్తే చేతికొస్తుంది.

శ్రీకాకుళం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:
ఆ 20 లైన్ల గురించి ఆయనన్నది నిజం. కాలేజీలో టైమర్ బదులు థ్రెడ్ స్లీప్ (ప్రోగ్రాంలో పనుల్ని ఒకదాని తర్వాత ఒకటి నడిపే థ్రెడ్డుని కాసేపు ఆపేది) పెట్టి, విండో బిగుసుకుపోతే ఎందుకో తెలీక ఒక రోజంతా కూర్చున్నాను. జావాలో విండోలు గీయడానికి వాడే స్వింగ్‌లో తెర మీద గీసేదీ, మౌసు నొక్కితే పలికేదీ ఒకటే థ్రెడ్డు. దాన్ని నిద్రపుచ్చితే ఇంక గీసేదెవరు? పదో తరగతికి ఈ గొడవ వద్దు. 40 మిల్లీసెకన్లకోసారి, అంటే సెకనుకి 25 సార్లు, కొట్టే టైమరూ గీసే ప్యానెలూ మాస్టారే ఇచ్చేయాలి. అరే ఉన్న మెథడ్ (ఒక పని చేసే కోడు ముక్క) ఒక్కటీ పిల్లలు రాయాలి.

శ్రీకాకుళం, పదో తరగతి అమ్మాయి:
బొబ్బిలి అంకుల్, నేను నోటుబుక్కులోనే చేశాను. గళ్ళకి 1 నుంచి 12 వరకు నంబర్లు వేసుకుని, ఒక్కో గడికీ అదే పని మళ్ళీ చేయించే లూపులో 'ఐ 12కి తక్కువ లేదా సమానం' అని రాశాను. నాకు అంతా సరిగ్గానే కనబడింది. కంప్యూటర్లో పెడితే ఒక్క చుక్కా కదల్లేదు. కింద "ఇండెక్స్ 12 అవుట్ ఆఫ్ బౌండ్స్ ఫర్ లెంగ్త్ 12" అని వచ్చింది, అంటే 12 గళ్ళున్న అరేలో 12 నంబరు గడి లేదని. గళ్ళు 0 నుంచి 11 వరకేనని ఆ రోజే మనసుకెక్కింది. (తెరని మళ్ళీ గీయించే రీపెయింట్ లూపు తర్వాత రాశాను, అక్కడిదాకా వెళ్ళనే లేదు.)

విజయనగరం, కంప్యూటర్ మాస్టారు:
బాగా చెప్పావమ్మా. బొబ్బిలి నుంచి రాసినవారికి: మీరన్న బబుల్ సార్టే చూడండి. అరేలో కళాకారుల ఎత్తులు పెట్టి, పొట్టి నుంచి పొడుగుకి నిలబెట్టమన్నాను. టెంప్ (మార్చేటప్పుడు ఒక అంకెని కాసేపు దాచుకునే చోటు) లేకుండా ఇద్దరి చోట్లు మార్చినవాళ్ళ తెర మీద పక్కపక్కనున్న ఇద్దరూ ఒకే ఎత్తయిపోయారు, ఒకరి ఎత్తు పోయింది. కాగితం మీదైతే రెండంకెలూ కళ్ళముందే ఉంటాయి, పిల్లలు మనసులోనే మార్చేసుకుంటారు. టెంప్ ఎందుకో తట్టదు.

బొబ్బిలి, ఒక తండ్రి:
టెంప్ మాట ఒప్పుకున్నాను మాస్టారూ, మావాడు పోగొట్టుకున్న మార్కులూ అక్కడే. అయినా పరీక్ష రాసేది కాగితం మీదే. తెర మీద చేసిన రోజునే ఆ అడుగులన్నీ, టెంప్‌లో ఏ అంకె ఉందో దాంతో సహా, నోటుబుక్కులో రాయించండి. ఆ ఎత్తుల ప్రోగ్రాం ఇక్కడ పెడితే ఆదివారం మావాడితో కూర్చుంటాను.