స్టిక్కర్ కింద ఇంకో తేదీ ఉన్న ప్రొటీన్ పౌడర్‌ను ఎక్కడ పరీక్ష చేయించాలి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. అమ్మకు షుగర్. నీరసంగా ఉంటోందని ఆన్‌లైన్‌లో ఒక కంపెనీ ప్రొటీన్ పౌడర్ తెప్పిస్తున్నాను. రెండు డబ్బాలు బాగానే ఉన్నాయి. మూడోది పాలలో ఎంత కలిపినా ఉండలు కడుతోంది, గ్లాసు అడుగున ఇసుకలా గరుకుగా మిగులుతోంది. చక్కెర లేదని రాశారు, నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంది. పదార్థాల్లో ఏ స్వీటెనర్ పేరూ లేదు. మొన్న తడిగుడ్డతో తుడుస్తుంటే ఎక్స్‌పైరీ స్టిక్కర్ ఊడి, కింద నాలుగు నెలల ముందటి తేదీ బయటపడింది! అమ్మ అప్పటికే పది రోజులుగా తాగుతోంది. ఒకటే టెన్షన్‌గా ఉంది. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను.

డబ్బా తిరిగి పంపితే డబ్బులిస్తామంటున్నారు కంపెనీవాళ్లు. పంపేస్తే సాక్ష్యం పోదా? డబ్బా మీది 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరును, లైసెన్సుల వివరాలుండే ఫోస్కోస్ సైట్‌లో కొడితే వేరే పేరు వచ్చింది.

2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. కానీ ఆ సంగతి కొనేటప్పుడే అమ్మేవాళ్లకు చెప్పాలట. ఆన్‌లైన్‌లో కొన్నదానికి అదెలా కుదురుతుంది? మూత తీసిన డబ్బా తీసుకుంటారా? తిరుపతిలో ఫుడ్ సేఫ్టీ అధికారికి గానీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు గానీ ఫిర్యాదు చేసినవాళ్లుంటే, ముందు ఎక్కడికి వెళ్లాలో దయచేసి చెప్పండి.