ఎల్లో ఫీవర్ టీకా మినహాయింపుతో కెన్యా వెళ్లొచ్చిన పెద్దవాళ్లున్నారా?

ఆగస్టు 9న హైదరాబాద్ నుంచి మసాయి మారా వెళ్తున్నాం, 8 రోజులు. నాకు ఎల్లో ఫీవర్ టీకా అయిపోయింది, పసుపు కార్డు (టీకా వేయించుకున్నట్టు ధ్రువపత్రం) వచ్చింది. దిగులంతా అమ్మ గురించే. 64 ఏళ్లు, పైగా గుడ్డు పడదు: తింటే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం. ఈ టీకా తయారీలో గుడ్లు వాడతారు కదా. టీకా కేంద్రానికి రెండుసార్లు తిరిగాం. వాళ్లు డాక్టరు ఉత్తరం తెమ్మన్నారు, మా డాక్టరేమో నిర్ణయం కేంద్రానిదే అన్నారు. చివరికి మినహాయింపు పత్రం చేతికొచ్చింది.

మలేరియాకు అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ మాత్రలు రాశారు, వెళ్లే ముందురోజు నుంచి తిరిగొచ్చాక 7 రోజుల దాకా వేసుకోవాలి. అది సరే.

కానీ కార్డు లేకుండా కెన్యా నుంచి వస్తే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచొచ్చట. అమ్మ ఒంటరిగా ఉండలేదండీ. మినహాయింపు పత్రంతో శంషాబాద్‌లో దిగినవాళ్లను నేరుగా ఇంటికి పంపారా, క్వారంటైన్‌కు తీసుకెళ్లారా?