22 మీటర్లకు ఫైబర్ హెచ్‌డీఎంఐ కేబుల్: పైపులో లాగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో లంక ఊరు. 2022 జులై వరదకి ఇంట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. అప్పటినుంచీ ప్రొజెక్టర్‌కి బొమ్మ పంపే పెట్టెలన్నీ (ప్లేయర్, సెట్‌టాప్ బాక్స్ లాంటివి) మేడ మీదే పెడుతున్నాం. ప్రొజెక్టర్ మాత్రం కింద హాల్లో, సీలింగుకి. నాన్నగారు మెట్లెక్కలేరు, ఆయన చూడాలనే ఇదంతా.

పెట్టెల నుంచి ప్రొజెక్టర్‌కి దూరం 22 మీటర్లు. 15 మీటర్ల రాగి హెచ్‌డీఎంఐ కేబుల్ (బొమ్మ, శబ్దం కలిపి పంపేది) తెచ్చి నేలమీద పరిచి చూశాను. 1080 బాగానే వచ్చింది, 4కె 60 (4కె బొమ్మ, సెకనుకు 60 ఫ్రేములు) పెట్టగానే బొమ్మ పోయి వస్తోంది. దానికి కావాల్సిన 18 జీబీపీఎస్ (సెకనుకు 18 గిగాబిట్లు) అంత దూరం రాగి మీద కష్టమని అర్థమైంది.

అందుకే గాజుపోగులో కాంతితో సిగ్నల్ పంపే ఫైబర్ కేబుల్ అనుకుంటున్నాను. అది ఒక్కసారి పైపులో లాగితే మళ్లీ గోడ పగలగొట్టలేను. పైపు ఒక అంగుళంది, మధ్యలో 3 బెండ్లు. కేబుల్ మామూలు తల (కనెక్టర్) దూరుతుందా, తల విడిగా ఊడివచ్చే రకం తీసుకోవాలా? లాగేటప్పుడు లోపలి గాజుపోగు విరక్కుండా మీరేం చేశారు? దీనికి సోర్సు వైపు, డిస్‌ప్లే వైపు వేరువేరు కదా, తిరగేస్తే బొమ్మ రాదు. అందుకే ముందు బయటే పరీక్షిస్తాను.

ఇంకొకటి, మాకు పిడుగులెక్కువ. ఈ కేబుళ్లలో చాలావాటికి ఫైబర్ పక్కనే సన్నని రాగి తీగలూ ఉంటాయి. పిడుగు పడ్డప్పుడు వాటి గుండా కరెంటు వచ్చి పాడైన పరికరాలు ఎవరివైనా ఉన్నాయా? దయచేసి చెప్పండి, వచ్చేవారమే తాపీమేస్త్రీ వస్తున్నాడు.