ఐదు వారాల వనరాజా పిల్లలను పాత నాటుకోళ్లతో ఎప్పుడు, ఎలా కలపాలి?

ప్రశ్న (సూర్యాపేట జిల్లా నుంచి)

అందరికీ నమస్కారం. మా పెరట్లో ఎనిమిది నాటు పెట్టలు, ఒక పుంజు చాలాకాలంగా ఉన్నాయి. పగలంతా గడ్డివాము చుట్టూ తిరిగి, పొద్దుగూకగానే వాటంతట అవే గూట్లోకి చేరుతాయి. ఈసారి గుడ్లకూ మాంసానికీ పనికివస్తాయని పదిహేను వనరాజా (పెరటి పెంపకానికి రూపొందించిన మేలురకం కోడి) పిల్లలను ఒక రోజు వయసులో తెచ్చి, వసారాలో బల్బు వెచ్చదనం మీద పెంచుతున్నాము. వాటికి ఐదు వారాలు నిండాయి, ఈకలు దాదాపుగా వచ్చాయి, ఉన్న చోటు చాలడం లేదు. వాటిని గంప కింద మూసి పెరట్లో పెడితే, పెట్టలలో రెండు గంప చుట్టూ తిరుగుతూ సందుల్లోంచి పొడవాలని చూస్తున్నాయి.

రాత్రి చీకట్లో గూట్లో వదిలితే తెల్లవారేసరికి కలిసిపోతాయని మా అత్తగారు అంటున్నారు. ఒక పెట్ట పొదుగుకు కూర్చుని ఉంది కాబట్టి, ఈ పిల్లలను దానికే అప్పగించవచ్చునా అన్న ఆలోచన కూడా ఉంది. మేత విషయంలోనూ సందేహమే: పెట్టలకు లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల మేత) పెడుతున్నాము, కలిసిన తరువాత పిల్లలు కూడా అదే తింటాయి కదా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (కోనసీమ నుంచి)

అమ్మా, ముందుగా వయసు లెక్కను కాస్త పక్కన పెట్టి, పరిమాణాన్ని చూడండి. పెద్ద కోడి పొడిస్తే తట్టుకోగలిగే ఒళ్లు, తరిమితే పరుగెత్తి తప్పించుకోగలిగే కాలిబలం వచ్చాకే పిల్లను మందలో వదలాలి. వనరాజా త్వరగా ఎదిగే రకం కాబట్టి ఆరు వారాలకు అరకిలో దాటుతుంది, ఎనిమిది వారాలకు నాటు పెట్టకు దగ్గరగా వస్తుంది. అదే నాటు పిల్లలైతే మూడు నెలలు ఆగమని చెప్పేవాడిని. కాబట్టి ఇప్పుడు మీరు మొదలుపెట్టవలసింది కలపడం కాదు, పరిచయం చేయడం.

పెరట్లో పాత కోళ్లు రోజూ తిరిగే చోటనే అర అంగుళం కన్నుల ఇనుప జాలీతో ఒక దడి కట్టి, పైన కూడా వల కప్పి, పగటిపూట పిల్లలను అందులో ఉంచండి. గంప ఇందుకు పనికిరాదు, ఎందుకంటే దాని సందుల్లోంచి ముక్కు దూరుతుంది, లోపలి పిల్లకు వెనక్కి జరిగే చోటు ఉండదు. జాలీకి ఇవతల పెద్దవాటికి, అవతల పిల్లలకు ఒకే వేళకు మేత వేస్తే, ఒకదాన్నొకటి చూస్తూ తినడం అలవాటవుతుంది. కనీసం రెండు వారాలు ఇలా సాగాలి. మొదటి నాలుగైదు రోజులు పెట్టలు జాలీ మీదికి వచ్చి పొడుస్తాయి; తరువాత వాటికే ఆసక్తి తగ్గి తమ దారిన తాము గడ్డి కెలుక్కుంటాయి. ఆ మార్పు కనిపించేవరకు తరువాతి మెట్టు ఎక్కవద్దు.

ఆపైన దడిలో రెండు మూడు చోట్ల పిల్లలు మాత్రమే దూరగలిగే కంతలు పెట్టండి. నాలుగు అంగుళాల ఎడం ఉంటే చాలు, పెద్ద పెట్ట పట్టదు; పిల్లలు ఎదిగేకొద్దీ దాన్ని సరిచూసుకోవాలి. అవి ఇష్టమైనప్పుడు బయటికి వచ్చి, తరిమితే లోపలికి పారిపోతాయి. లోపల వాటి నీళ్లు, మేత ఎప్పుడూ ఉండాలి. ఈ ఒక్క ఏర్పాటు మిగిలిన జాగ్రత్తలన్నిటికంటే ఎక్కువ మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం. బయట కూడా మేత పళ్లేలు మూడు నాలుగు చోట్ల దూరదూరంగా పెట్టి, ఒక పాత నిచ్చెనో తాటిమట్టల కుప్పో అడ్డంగా ఉంచితే, తరిమే కోడి కంటికి పిల్ల మరుగవుతుంది.

పొడుపులన్నీ ప్రమాదం కావు. కోళ్ల మందలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న వరుస ఒకటి ఉంటుందని 1920ల ప్రారంభంలోనే నార్వే శాస్త్రవేత్త షెల్డెరుప్-ఎబ్బే రాశారు. పెంచేవాళ్లందరికీ అది కంటికి కనిపించేదే. కొత్త కోడి వస్తే ఆ వరుస మళ్లీ కుదురుకోవాలి, అందుకు నెత్తిన ఒక పోటు పొడిచి వదిలేయడం సహజం. మూలకు నెట్టి ఈకలు పట్టి లాగినా, రక్తం కనిపించినా మాత్రం వెంటనే కల్పించుకోవాలి. రక్తం చూస్తే మిగతావి కూడా అక్కడే పొడుస్తాయి, కాబట్టి దెబ్బ తిన్న పిల్లను గాయం మానేవరకు విడిగా ఉంచండి. దానితోపాటు, పొడిచిన పెట్టను కూడా నాలుగు రోజులు మందకు కనిపించని చోట వేరుచేయండి. తిరిగి వచ్చేసరికి దాని స్థానమే సడలి ఉంటుంది, దూకుడు తగ్గుతుంది. పిల్లలను ఒకటి రెండు చొప్పున వదలకండి. పదిహేనింటినీ ఒకేసారి వదిలితే పోట్లు ఒకదాని మీదే పడవు.

మీ అత్తగారు చెప్పిన రాత్రి పద్ధతి సమాన పరిమాణం ఉన్న కోళ్లకు బాగానే పనిచేస్తుంది. పిల్లల విషయంలో చిక్కు ఎక్కడంటే, తెల్లవారుజామున వెలుతురు రాగానే పెట్టలు లేస్తాయి, మీరు తలుపు తీసేవరకు పిల్లలకు పారిపోయే దారి ఉండదు. పగలు కలిసి తిరగడం బాగా అలవాటయ్యాకే రాత్రి గూట్లోకి పంపండి. వనరాజా బరువైన కోడి, నాటుకోడిలా ఎత్తుకు ఎగరలేదు. వాటికోసం గూట్లో అడుగు ఎత్తులో ఒక కర్ర కట్టించండి.

జవాబు (విశ్రాంత పశువైద్యుడు, కర్నూలు)

పై జవాబులో పొడుపుల గురించి చక్కగా చెప్పారు. నేను మాత్రం పోట్లకంటే రోగాలకే ఎక్కువ భయపడతాను. పాత కోళ్లు పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే రక్తపారుడు కలిగించే కాక్సీడియా క్రిములను రెట్టలో వదులుతుంటాయి. మూడు నుంచి ఆరు వారాల పిల్లలకు ఇది ఎక్కువగా సోకుతుంది, నేల తడిగా, వెచ్చగా ఉంటే ఇంకా వేగంగా వ్యాపిస్తుంది. ముడుచుకుని కూర్చోవడం, రెక్కలు వాల్చడం, రెట్టలో రక్తం కనిపించడం దాని గుర్తులు. అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకుండా పశువైద్యశాలకు వెళ్లి, అంప్రోలియం వంటి మందును వారు చెప్పిన మోతాదులో నీళ్లలో కలిపి ఇవ్వాలి. దడి కింద వరి ఊక పొడిగా ఉంచడం, నీళ్ల గిన్నె చుట్టూ తడిసిన ఊకను రోజూ తీసివేయడం మందుకంటే ముఖ్యం. పాత కోళ్లు తిరిగిన పొడినేల మీద పిల్లలను రోజూ కొద్దిసేపు ఉంచడం వల్ల ఒక మేలు కూడా ఉంది: క్రిములు కొద్దికొద్దిగా ఒంట్లో చేరి వ్యాధి నిరోధకత ఏర్పడుతుంది.

టీకాల సంగతి మీరు రాయలేదు. కొక్కెర తెగులుకు మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, రెండో వారంలో గంబోరో వ్యాధి టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా పడి ఉండాలి. ఆరు వారాల తరువాత మశూచి టీకా, ఎనిమిది, తొమ్మిది వారాల మధ్య కొక్కెర తెగులుకు ఆర్ టు బి అనే టీకా సూది. ఈ చివరి సూదిని ఎనిమిది వారాల లోపు పిల్లలకు వేయకూడదు. టీకా వేసిన రోజునే మందలో కలపకండి, రక్షణ ఏర్పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. పెద్దవాటికి కూడా టీకాలు, నట్టల నివారణ మందు ఇప్పించాకే కలపండి. మీ నాటుకోళ్లలో ఏదైనా తుమ్ముతున్నా, గురక శబ్దం చేస్తున్నా కలపడం వాయిదా వేయాలి.

మేత గురించి మీ సందేహం సరైనదే. లేయర్ దాణాలో కాల్షియం మూడున్నర శాతానికి పైగా ఉంటుంది. గుడ్డు పెట్టని పిల్లకు ఒక శాతం చాలు. ఎక్కువైన కాల్షియం పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కాబట్టి కలిసి తిరుగుతున్నన్నాళ్లు అందరికీ గ్రోయర్ దాణా (ఎదిగే కోళ్ల మేత) పెట్టి, పెట్టలకు కాల్షియం కోసం ఆల్చిప్పల పొడిని వేరే గిన్నెలో ఉంచండి. పెట్టలు తమకు కావలసినంత తింటాయి, పిల్లలు దాన్ని పెద్దగా ముట్టవు.

జవాబు (అనంతపురం నుంచి)

పొదుగు పెట్ట గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ఐదు వారాల పిల్లలను అది అంగీకరించదు, పొడుస్తుంది. పిల్లలు కూడా దాని పిలుపుకు స్పందించవు. తల్లికోడికి అప్పగించాలంటే ఒకటి రెండు రోజుల పిల్లలే కావాలి. పెట్ట కొన్ని వారాలుగా గుడ్ల మీద స్థిరంగా కూర్చుని ఉన్నప్పుడు, బాగా చీకటి పడ్డాక గుడ్లు తీసి పిల్లలను ఒక్కొక్కటిగా దాని రెక్కల కింద ఉంచాలి, తెల్లవారగానే దగ్గరుండి గమనించాలి. ఇది కుదిరితే మందలో కలపడం అనే సమస్యే రాదు, ఎందుకంటే తల్లి వెంట తిరిగే పిల్లను మిగతా పెట్టలు ముట్టడానికి జంకుతాయి. వనరాజాలు పొదుగుకు దాదాపుగా కూర్చోవు, అందువల్ల మీ నాటు పెట్టలను మాత్రం పోగొట్టుకోకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. టీకాలు నాలుగో వారం వరకు వేయించాము, మశూచి టీకా మిగిలి ఉంది. ఒక్క విషయం: పుంజు వల్ల ప్రమాదం ఉంటుందా?

జవాబు (కోనసీమ నుంచి)

సాధారణంగా పుంజు చిన్న పిల్లల జోలికి రాదు, కొన్ని పుంజులైతే పెట్టలు తగాదా పడుతుంటే మధ్యకు వచ్చి విడదీస్తాయి. చిక్కు తరువాత వస్తుంది. మీ పదిహేనింటిలో సగానికి సగం పుంజుపిల్లలు ఉండవచ్చు. నాలుగైదు నెలలు వచ్చేసరికి అవి మీ నాటుపుంజుకంటే బరువెక్కి ఎదురు తిరుగుతాయి, పెట్టలను కూడా తొక్కి గాయపరుస్తాయి. అప్పటికి ఒకటి రెండు మినహా మిగిలినవాటిని అమ్మడమో, వేరే దడిలో పెట్టడమో ఇప్పుడే నిర్ణయించుకోండి. మశూచి టీకా వేయించి రెండు వారాలు గడిచాక దడికి కంతలు పెట్టండి. ఈలోగా ఆ రెండు పెట్టల కాళ్లకు రంగు దారం కట్టి గుర్తుపెట్టుకుంటే, రేపు పొడుస్తున్నది అవేనా, వేరేవా అన్నది తేలికగా తెలుస్తుంది.